ఇంజిన్ దృష్టిలో టాక్టిక్స్ ఏది, పొజిషనల్ ఆట ఏది?

బురుజు_కోచ్ (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలులో సాయంత్రం పూట పిల్లలకు చెస్ నేర్పిస్తుంటాను. ఇప్పుడు ఏ పిల్లాడైనా ఆట అయిపోవడం ఆలస్యం, ఫోన్ తీసి ఇంజిన్ (ఎత్తులను విశ్లేషించే చెస్ ప్రోగ్రాం) ఆన్ చేస్తాడు. వాళ్లు అడిగే ప్రశ్నలకు నా దగ్గర సరైన జవాబు లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మొన్న ఒక అమ్మాయి తెల్లపావులతో ఆడుతూ గుర్రాన్ని డీ5 గడిలో కూర్చోబెట్టింది. అక్కడి నుంచి దాన్ని తరమడానికి నల్లవాళ్ల దగ్గర బంటు లేదు, మార్చుకోవడానికి తెల్లగడుల బిషప్ కూడా లేదు. పుస్తకంలో చూపించదగ్గ ఎత్తు. ఇంజిన్ దానికి +0.8 ఇచ్చింది, అంటే తెల్లవాళ్లకు కొంత పైచేయి అని. అదే చోట మరో ఎత్తు ఉంది, ఒక బంటు ఊరికే వస్తుంది. దానికీ +0.8. ఆ అమ్మాయి అడిగింది: "సార్, బంటు కొడితే చేతికి ఒకటి వచ్చింది. గుర్రం అక్కడ నిలబడితే ఏమొచ్చింది? రెండూ సమానం ఎట్లా అవుతాయి?"

నేనేమో ఒక వారం టాక్టిక్స్ (కొట్టడాలు, చెక్‌ల లాంటి బలవంతపు వరసల లెక్క), ఇంకో వారం పొజిషనల్ ఆట (పావులను మంచి గడుల్లో కుదుర్చుకోవడం) అని విడగొట్టి చెప్తాను. ఇంజిన్ మాత్రం రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తుంది. అసలు అది లోపల ఏం చేస్తుంది? ప్రోగ్రాములు తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

---

సీ3_ఏనుగు (కడప)

సార్, నాదీ ఇదే బాధ. సిసిలియన్ అనే ఓపెనింగ్‌లో నల్లపావులతో సీ3లో ఉన్న గుర్రం కోసం ఏనుగును ఇచ్చేశాను. తెల్లవాళ్ల క్వీన్‌సైడ్ బంట్లు చిందరవందర అయిపోయాయి, ఈ4 బంటు కూడా పడిపోయేలా ఉంది. ఫోన్‌లో చూస్తే తెల్లకు +0.9 అని ఎర్రగుర్తు పెట్టింది. హాస్టల్‌లో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో అదే పొజిషన్ పెట్టి అన్నం తిని వచ్చేసరికి +0.2 అయింది. పొజిషన్ మారలేదు, నా ఎత్తూ మారలేదు. మరి మారింది ఏమిటి?

---

అనంత_లెక్క (అనంతపురం)

కోచ్ గారూ, తమ్ముడూ, ఇద్దరి ప్రశ్నకూ మూలం ఒకటే. నాకు ఇంజిన్ల కోడ్ చదవడం పిచ్చి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఇంజిన్‌లో ఉండేవి రెండే పనులు. ఒకటి వెతకడం: నేను ఇది వేస్తే అతను ఏం వేస్తాడు, దానికి నేను ఏం వేస్తాను అని కొమ్మలు పట్టుకుని పోవడం. రెండోది అంచనా: ఆ కొమ్మ చివర ఇక ఆగాలి అనుకున్న చోట, ముందుకు చూడకుండా, ఉన్న పొజిషన్‌కు ఒక అంకె ఇవ్వడం. టాక్టిక్స్ అనే పేరుతో గానీ పొజిషనల్ అనే పేరుతో గానీ అందులో విడిగా ఏ భాగమూ లేదు.

అన్నీ వెతికేస్తే సరిపోదా అంటే, సరిపోదు. మొదటి ఎత్తుకు 20 దారులు. నల్లవాళ్ల జవాబుతో కలిపి 400. ఇద్దరూ రెండేసి ఎత్తులు వేస్తే 1,97,281. మూడేసి వేస్తే 11 కోట్ల 90 లక్షలు దాటుతాయి. అందుకే ఎక్కడో ఒకచోట ఆగి అంచనా వేయక తప్పదు.

ఈ ఆలోచనకు గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1950లో అచ్చయిన వ్యాసంలోనే రూపం ఇచ్చాడు. మంత్రికి 9, ఏనుగుకు 5, బిషప్‌కూ గుర్రానికీ 3, బంటుకు 1. దాంతోనే ఊరుకోలేదు. ఒకే వరసలో రెండు బంట్లు పడితే, బంటు ఒంటరిదైతే, వెనకబడితే అరబంటు కోత. కదిలే స్వేచ్ఛకు ఒక్కో ఎత్తుకు 0.1 చొప్పున కలుపు. అంటే పొజిషనల్ ఆట మొదటి రోజు నుంచే అంకెల్లో ఉంది, బంటును కొలబద్దగా పెట్టుకుని.

కాబట్టి ఆ అమ్మాయికి ఇట్లా చెప్పండి: డీ5లో గుర్రం కూర్చుంటే ముందు ముందు వచ్చే లాభాన్ని ఇంజిన్ ఇప్పుడే లెక్కలో వేసుకుంటోంది. బంటును కొట్టిన దారిలో చేతికి ఒకటి వస్తుంది, కానీ ఆ కొట్టడానికి పావు పక్కకు పోయి టైమ్ పోయి ఉంటుంది, అది తగ్గుతుంది. అన్ని కలుపుకుంటే రెండూ ఒక చోటికి వచ్చాయి.

తమ్ముడి ప్రశ్న: నీ ఏనుగు బలి ఫలితం కొన్ని ఎత్తుల తరవాత గానీ బయటపడదు. తక్కువ లోతులో ఆగిన ఫోన్‌కు కనిపించింది పోయిన ఏనుగు. ల్యాప్‌టాప్ ఇంకా లోతుకు పోయి, ఈ4 బంటు పడిపోవడం, తెల్లరాజుకు నీడ లేకపోవడం చూసింది. అంకె దిగింది.

---

పాత_పావు (ప్రొద్దుటూరు)

అనంత_లెక్క గారు చక్కగా చెప్పారు. కానీ నేను ఒప్పుకోని విషయం ఒకటుంది. మేము ఆడే రోజుల్లో కంప్యూటర్‌ను ఓడించాలంటే అందరికీ తెలిసిన దారి ఉండేది: బంట్లను ఎదురెదురుగా బిగించేసి ఆటను మూసేయడం. దానికి ఏం చేయాలో పాలుపోయేది కాదు, ఏనుగును అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేది. ఈ లోపల మనం నిదానంగా రాజు మీదికి బంట్లు నడిపించేవాళ్లం. లెక్కలో దాన్ని మించినవాడు లేడు, ఆలోచనలో మాత్రం పసిబిడ్డ.

పొజిషనల్ ఆట అంటే ఒక ప్రణాళిక పట్టుకోవడం. 1953లో జ్యూరిక్ టోర్నమెంట్‌లో గ్రాండ్‌మాస్టర్ రెషెవ్‌స్కీ మీద, తరవాత ప్రపంచ చాంపియన్ అయిన పెట్రోసియన్ ఏనుగును తీసుకెళ్లి ఈ6లో పెట్టాడు. కొట్టుకోండి అన్నట్టు. ఎందుకు? ఈ7 గడి ఖాళీ అయితే గుర్రం అక్కడి నుంచి డీ5కు వస్తుంది, తెల్లవాళ్ల మధ్య బంట్లు కదలకుండా ఆగిపోతాయి. అక్కడ కొట్టేదీ లేదు, చెక్ లేదు, బలవంతపు వరస లేదు. అడ్డుకట్ట ఒక్కటే. ఆట డ్రా అయింది, కానీ ఈ రోజుకూ ప్రపంచమంతా ఆ ఎత్తును నేర్పిస్తున్నారు. ఇట్లాంటిది వెతుకులాటలో ఎట్లా దొరుకుతుంది చెప్పండి?

---

గుత్తి_జంక్షన్ (గుత్తి)

పెద్దాయన చెప్పింది పాత ఇంజిన్ల విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. వాటి అవస్థకు హొరైజన్ ఎఫెక్ట్ అని పేరు, హాన్స్ బెర్లినర్ పెట్టింది. ఉదాహరణ చూడండి. తెల్ల బిషప్ పోయి ఏ7 బంటును కొడుతుంది. నల్లవాళ్లు బీ6 అని బంటు జరిపి దారి మూసేస్తారు. నల్లరాజు సీ8 నుంచి బీ7కి వచ్చి బిషప్‌ను ఏరుకుంటుంది. ఆ ఏరుకోవడం ప్రోగ్రాం చూపు ఆగే గీతకు అవతల పడిందనుకోండి, దానికి కనిపించేది బంటు లాభం ఒక్కటే. ఇంకా ఘోరం, ప్రమాదం కనిపించాక కూడా నడుమ నడుమ పనికిరాని చెక్‌లూ, బంట్ల బలులూ ఇచ్చి ఆ నష్టాన్ని గీత అవతలికి తోస్తుంది. కనిపించకపోతే జరగనట్టే దాని లెక్క.

ఒకరినొకరు కొట్టుకుంటున్న నడుమ ఆగి లెక్కేయకుండా, ఆ కొట్లాట సద్దుమణిగేదాకా వెతుకును పొడిగించడంతో ఇది చాలావరకు తగ్గింది. దాన్ని క్వయసెన్స్ సెర్చ్ అంటారు.

---

అనంత_లెక్క (అనంతపురం)

పాత_పావు గారూ, మీరు పెట్రోసియన్‌ను తెచ్చారు, నేను ఐబీఎం చెస్ కంప్యూటర్ డీప్ బ్లూను తెస్తాను. 1997 మేలో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌తో రెండో ఆట. తెల్లపావులు డీప్ బ్లూవి. 36వ ఎత్తులో మంత్రిని బీ6కు దింపి బంట్లు ఏరుకునే దారి ఉంది. అప్పటి కంప్యూటర్ అయితే అదే చేస్తుందని అందరూ అనుకున్నారు. అట్లా చేస్తే నల్లవాళ్లు ఈ5 గడిలోని బంటును ముందుకు తోసి ఎదురుదాడికి దిగేవాళ్లు. డీప్ బ్లూ ముందు బీ5 గడిలో బంట్లు మార్చింది, 37లో బిషప్‌ను ఈ4లో పెట్టి ఆ బంటు దారి మూసేసింది. అచ్చం మీరు చెప్పిన అడ్డుకట్ట. కాస్పరోవ్‌కు నమ్మశక్యం కాలేదు, మనిషి చేయి పడిందేమో అని అనుమానపడ్డాడు.

అది సెకనుకు సుమారు 20 కోట్ల పొజిషన్లు చూసేది. దాని అంచనాలో దాదాపు 8,000 అంశాలు చిప్‌లోనే చెక్కి ఉండేవి. ఆ ఈ4 ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? నల్లవాళ్ల ఎదురుదాడిని వెతుకు చూసింది, ఎదురుదాడి లేని పొజిషన్ విలువను అంచనా చెప్పింది. రెండూ కలిస్తే మన కంటికి పొజిషనల్ ఎత్తు.

నా నమ్మకం ఇదీ: మనం పొజిషనల్ అని పిలిచేది, లోతు చాలక ఇంకా కంటికి దొరకని టాక్టిక్సే. డీ5 గుర్రం ఎందుకు మంచిది? ఈ రోజు కాకపోతే ఆరో ఎత్తులోనో, పదో ఎత్తులోనో అక్కడి నుంచి ఫోర్క్ (ఒకేసారి రెండు పావుల మీద దాడి) పడుతుంది, లేదా దానికి కాపలా కాయడానికి రెండు పావులు కట్టుబడి రాజు దగ్గర మనుషులు తక్కువవుతారు. అట్లాంటి వేల ఆటల అనుభవాన్ని ఒక్క మాటలో కుదిస్తే "మంచి గుర్రం" అవుతుంది. మా వైపు వేరుశనగ వ్యాపారి గుప్పెడు కాయలు వలిచి చూసి బస్తాకు ఎంత పప్పు దిగుతుందో చెప్పేస్తాడు. బస్తా అంతా వలిచి చూడడు. అయినా ఆ అంచనా వెనక ఉన్నది వలిచిన పప్పే.

---

పిల్లల_అమ్మ (ఎమ్మిగనూరు)

అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. మా బాబుకు పదేళ్లు, టోర్నమెంట్లకు నేనే తీసుకుపోతుంటాను. నాకు ఆట అంతగా రాదు. +0.6 అంటే వాడు గెలుస్తున్నట్టా? ఓడిపోయిన ఆటలో నడుమ +2 కనిపించిందని రాత్రంతా ఏడ్చాడు. ఆ అంకె ఎంత నమ్మాలో చెప్పండి సార్.

---

అనంత_లెక్క (అనంతపురం)

మేడం, చాలా అవసరమైన ప్రశ్న. ఒకప్పుడు +1 అంటే సుమారుగా ఒక బంటు ఎక్కువ ఉన్నట్టు. అందరూ వాడే ఇంజిన్ స్టాక్‌ఫిష్‌లో, 2022 చివర్లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి దాని అర్థాన్ని మార్చారు. ఇప్పుడు +1.00 అంటే, ఇక్కడి నుంచి ఇంజిన్ తనతో తానే ఆడుకుంటే తెల్లవాళ్లు గెలిచే అవకాశం సగం అని. మిగతా సగం దాదాపు అంతా డ్రా. కాబట్టి +0.6 అంటే ఇంజిన్ల మధ్య ఎక్కువసార్లు డ్రా అయ్యే ఆట.

ముఖ్యమైన సంగతి, ఆ లెక్క ఇంజిన్‌తో ఇంజిన్ ఆడినప్పటిది. పదేళ్ల పిల్లలిద్దరి మధ్య +2 వచ్చిందంటే అక్కడ ఒక మంచి ఎత్తు ఉంది అనే చెప్తుంది, అంతే. ఆ ఎత్తు దొరకడం, దాని తరవాత ఇంకో నాలుగు కష్టమైన ఎత్తులు వరసగా దొరకడం వేరే సంగతి. ఆ రాత్రి బాబు ఏడవాల్సిన పని లేదు.

---

బురుజు_కోచ్ (కర్నూలు)

ఈ మాట నేను మా పేరెంట్స్ గ్రూప్‌లో పెడతాను. ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే చూశాం కదా. 2024 డిసెంబర్ 12, సింగపూర్, పద్నాలుగో ఆట. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా పొజిషన్ డ్రా. డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు తెచ్చి ఏనుగులు మార్చుకుందామన్నాడు. డింగ్ బిషప్ మూలన ఏ8లో ఉంది. ఏనుగులు పోగానే గుకేశ్ తన బిషప్‌ను డీ5లో పెట్టాడు. తప్పించుకోవడానికి డింగ్ బిషప్‌కు చోటు లేదు, అదీ మారక తప్పలేదు. మిగిలింది రాజులూ బంట్లే, ఆ ఎండ్‌గేమ్ గుకేశ్‌ది. డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టగానే ఇంజిన్ అంకె సున్నా నుంచి ఒక్కసారిగా గెలుపుకు దూకింది.

నా పిల్లలకు దీన్ని టాక్టిక్స్ క్లాస్‌లో చెప్పాలా, ఎండ్‌గేమ్ క్లాస్‌లో చెప్పాలా అని నిజంగానే తేల్చుకోలేకపోయాను.

---

పాత_పావు (ప్రొద్దుటూరు)

కోచ్ గారూ, రెండు చోట్లా చెప్పండి.

అనంత_లెక్క గారి సిద్ధాంతం మీద ఇంకా నాకు తృప్తి కలగలేదు. వేరుశనగ వ్యాపారికి అనుభవం ఉంది, సరే. డీప్ బ్లూకు ఆ 8,000 అంశాలూ మనుషులే కదా రాసిచ్చింది? బంటు ఒంటరైతే అంత, రాజు ముందు గోడ విరిగితే ఇంత అని గ్రాండ్‌మాస్టర్లు చెప్తే అది కూడుకుంది. తీర్పు మనిషిది, కూడిక యంత్రానిది.

ఆ తీర్పులో లేని చోట యంత్రం ఎట్లా తడబడేదో చిన్న ఉదాహరణ. తెల్లవాళ్లకు తెల్లగడుల బిషప్, హెచ్ వరసలో ఒక బంటు. నల్లవాళ్లకు ఒట్టి రాజు, హెచ్8 మూలలో కూర్చుంది. పావుల లెక్క ప్రకారం +4. నిజానికి డ్రా, ఎందుకంటే హెచ్8 నల్లగడి, ఆ బిషప్ రాజును అక్కడి నుంచి ఎన్నటికీ లేపలేదు. ఈ ఒక్క ముక్క విడిగా నేర్పిస్తే తప్ప పాత ప్రోగ్రాములు గెలుస్తున్నామనుకుని సంతోషంగా ఆ ఎండ్‌గేమ్‌లోకి దిగిపోయేవి.

---

గుత్తి_జంక్షన్ (గుత్తి)

ఆ "రాసిచ్చిన" రోజులు పోయాయి పెద్దాయనా. రెండు దెబ్బల్లో పోయాయి.

మొదటిది 2017 డిసెంబర్, డీప్‌మైండ్ కంపెనీ ప్రోగ్రాం ఆల్ఫాజీరో. దానికి నియమాలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. బంటు విలువ 1 అని కూడా చెప్పలేదు. తనతో తాను ఆడుకుంటూ నేర్చుకుని స్టాక్‌ఫిష్ 8తో నూరు ఆటలు ఆడింది: 28 గెలుపులు, 72 డ్రాలు, ఓటమి లేదు. స్టాక్‌ఫిష్‌కు ఇచ్చిన మెమరీ, టైమ్ పద్ధతి సరిగ్గా లేవని విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. కానీ ఆటలు చూడండి. హెచ్ బంటును అవతలి రాజు ముందుకు తోసుకుపోవడం, ఒకటి రెండు బంట్లు వదిలేసి ఎదుటివాడి పావులను ఊపిరాడకుండా బిగించడం. అది సెకనుకు చూసింది సుమారు 80 వేల పొజిషన్లు, స్టాక్‌ఫిష్ 7 కోట్లు. తక్కువ చూసి మంచి చోట చూసింది.

2018లో అదే పద్ధతిలో లీలా అనే ఇంజిన్ వచ్చింది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నాకు లీలా అంటే ఇష్టం. మూసుకుపోయిన పొజిషన్లలో దాని చూపు వేరు. బలహీనత కూడా చెప్పాలి: అది మంచిగా కనిపించిన కొమ్మల మీదే ఎక్కువ సమయం పెడుతుంది. పైకి పిచ్చిదానిలా కనిపించే ఒకే ఒక్క ఎత్తులో గెలుపు దాగి ఉంటే, మొదట దాని వైపు చూడదు. అట్లాంటి చోట స్టాక్‌ఫిష్ ముందు పట్టుకుంటుంది.

---

అనంత_లెక్క (అనంతపురం)

రెండో దెబ్బ నేను చెప్తాను, ఎందుకంటే పాత_పావు గారి అభ్యంతరానికి జవాబు అక్కడే ఉంది.

2018లో యూ నాసు అనే జపాన్ ప్రోగ్రామర్ షోగీ (జపాన్ చెస్) ఆట కోసం ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ తయారు చేశాడు, ఎన్ఎన్‌యూఈ అంటారు. దాని గొప్పతనం వేగం. ఒక పావు కదిలితే లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయదు, మారిన ముక్కనే సవరిస్తుంది. అందుకే గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా మామూలు ఫోన్‌లోనూ నడుస్తుంది. 2020 సెప్టెంబర్‌లో స్టాక్‌ఫిష్ 12లో దీన్ని పెట్టారు. మనుషులు రాసిన పాత అంచనా కొన్నాళ్లు పక్కనే ఉంది, 2024లో వచ్చిన 16.1 వెర్షన్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఒంటరి బంటుకు కోత వేసే వాక్యం ఇప్పుడు ఆ కోడ్‌లో ఎక్కడా కనపడదు.

మరి ఆ నెట్‌వర్క్‌కు పాఠం ఏమిటి? కోట్లాది పొజిషన్లు చూపించి, ఒక్కోదానికి కాస్త లోతుగా వెతికితే వచ్చిన అంకె ఏమిటో, ఆ ఆట చివరికి ఎట్లా ముగిసిందో చూపించారు. వెతకకుండానే ఆ జవాబు దగ్గరికి రావడం దాని పని. అంటే వెతుకులో బయటపడ్డ టాక్టిక్స్‌ను కుదించి కుదించి ఒక చూపుగా మార్చారు. ఆ చూపును మళ్లీ కొమ్మల చివర పెట్టి వెతికితే ఇంకా లోతు కనిపిస్తుంది. అందుకే నేను టాక్టిక్స్, పొజిషనల్ ఆట ఒకే తాడుకు రెండు కొసలు అంటున్నది. ఇక్కడ తీర్పును మనిషి రాసివ్వలేదు.

---

పాత_పావు (ప్రొద్దుటూరు)

ఈ వివరం నాకు కొత్తది. ఆలోచించాల్సిన మాట. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, నేను డీ5 గుర్రాన్ని చూసి ముచ్చటపడేది కూడా ఎన్నో ఏళ్లు అట్లాంటి గుర్రాల చేతిలో దెబ్బలు తిన్నందుకే.

అయినా మీ తాడుకు ఏ కొసలో కట్టాలో తెలియని ఎత్తు ఒకటి చెప్తాను. 1998 లినారెస్ టోర్నమెంట్, గ్రాండ్‌మాస్టర్ టోపలోవ్ మీద గ్రాండ్‌మాస్టర్ షిరోవ్. ఇద్దరికీ చెరో బిషప్, రంగులు వేరు. నల్లపావులతో షిరోవ్‌కు రెండు బంట్లు ఎక్కువ, కానీ రంగు మారిన బిషప్‌లు కదా, డ్రా వాసన కొడుతోంది. 47వ ఎత్తులో బిషప్‌ను హెచ్3లో పెట్టి ఊరికే ఇచ్చేశాడు. కారణం: తన రాజు ఎఫ్5 మీదుగా ఈ4కు పోవాలి, ఎఫ్5లో తన బిషప్పే అడ్డం. ఇంకో చోటికి జరిపితే తెల్లరాజు ముందే వచ్చి అడ్డుపడుతుంది. హెచ్3లో పెడితే జీ2 బంటు మీద పడుతుంది, తెల్లవాళ్లు దాన్ని కొట్టడానికి ఒక ఎత్తు ఖర్చు చేయాలి. ఆ ఒక్క ఎత్తు కోసం మొత్తం బిషప్. రాజు ఈ4కు, డీ3కి, సీ4కు, బీ3కి నడిచింది, రెండు దూరపు బంట్లను ఒంటరి బిషప్ ఆపలేకపోయింది. 53 ఎత్తుల దగ్గర టోపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. అప్పటి ఇంజిన్లకు ఇది దొరకలేదు.

షిరోవ్ అన్నీ లెక్కపెట్టాడా? దారి ముందు కనిపించింది, లెక్క తరవాత చేశాడు. నా అనుభవంలో మనిషికి అట్లాగే వస్తుంది.

---

సీ3_ఏనుగు (కడప)

ఇంజిన్‌కు ఎందుకు దొరకలేదు అన్నా? లోతు సరిపోలేదా?

---

అనంత_లెక్క (అనంతపురం)

లోతు ఒక కారణం తమ్ముడూ. ఇంకోటి ఉంది, అది మీరందరూ ఫోన్‌లో ఇంజిన్ చూసేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి. "డెప్త్ 30" అని చూపిస్తే అన్ని దారులూ 30 ఎత్తుల దాకా చూసిందనుకోకండి. మంచిగా కనిపించిన ప్రధాన దారినే అంత దూరం చూస్తుంది. వరసలో వెనక ఉన్న ఎత్తులను చాలా తక్కువ లోతుకు చూసి, ఏమీ కనిపించకపోతే పక్కన పెట్టేస్తుంది. బిషప్‌ను ఊరికే ఇచ్చే ఎత్తు అనేది వరసలో అట్టడుగున ఉంటుంది. దాని విలువ బయటపడాలంటే లోతుకు పోవాలి, లోతుకు పోవాలంటే ముందు విలువ కనిపించాలి. ఆ ముడి విడేదాకా సమయం పడుతుంది. నీ సీ3 ఏనుగు బలికీ ఇదే జరిగింది.

ఇంకో సంగతి. మా అనంతపురం ఎండల్లో ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం చూసిన అంకె, రాత్రి చల్లబడ్డాక చూసిన అంకె ఒకే సమయానికి ఒకటే రాకపోవచ్చు. అందుకే సెకన్లు చూడకండి, ఎన్ని పొజిషన్లు చూసిందో చూడండి.

పాత_పావు గారి చివరి మాటతో నాకు గొడవ లేదు. ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ అంతటివాడు 2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే ఇంజిన్‌తో ఆడుతూ ఒకే ఎత్తులో పడే మేట్ చూడలేదు. మంత్రి హెచ్7లో, దానికి కాపు ఎఫ్8లో ఉన్న గుర్రం. తెల్లగుర్రం ఎఫ్8లో ఉండి మేట్ చేయించే రూపం మనిషి కంటికి అలవాటు లేదు. రూపం గుర్తుంటే పది ఎత్తుల అవతలిది దొరుకుతుంది, గుర్తు లేకపోతే ఒక ఎత్తు అవతలిది దొరకదు.

---

బురుజు_కోచ్ (కర్నూలు)

చాలా నేర్చుకున్నాను. ఇప్పుడు అసలు పనికొచ్చే ప్రశ్న. ఇంజిన్ ఒకే అంకె ఇస్తుంది సరే, ఆ పొజిషన్‌లో పిల్లలు లెక్కపెట్టాలా, ప్లాన్ వేయాలా అనేది ఇంజిన్‌ను చూసి మనం కనిపెట్టగలమా?

---

అనంత_లెక్క (అనంతపురం)

కనిపెట్టవచ్చు. నేను మూడు దారుల విశ్లేషణ ఆన్ చేసి పెట్టుకుంటాను. మొదటి ఎత్తు +1.8, రెండోది -0.3 అని తేడా పెద్దగా ఉంటే అక్కడ ఒకే దారి ఉంది, పిల్లలు కూర్చుని లెక్కపెట్టాల్సిన చోటు. మూడూ +0.4, +0.4, +0.3 అని దగ్గర దగ్గరగా ఉంటే, అక్కడ లెక్కతో తేలేది తక్కువ, ఏ పావు ఏ గడిలో ఉండాలి అని ఆలోచించాల్సిన చోటు. లోతు పెరుగుతుంటే అంకె ఊగిసలాడుతోందా, నిలకడగా ఉందా అనేది కూడా గమనించండి. ఊగుతుంటే లోపల ఏదో దాగి ఉంది.

లీచెస్ వెబ్‌సైట్‌లో విశ్లేషణ బోర్డ్ మీద ఎక్స్ కీ నొక్కితే, మన వంతు వదిలేస్తే ఎదుటివాడు ఏం చేస్తాడో చూపిస్తుంది. ప్రతి ఎత్తుకు ముందు అది పిల్లలతో ఊహించమనండి, తరవాత నొక్కండి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ల్యాప్‌టాప్‌లో స్టాక్‌ఫిష్‌ను బోర్డ్ లేకుండా నల్ల విండోలో తెరిచి, పొజిషన్ ఇచ్చి, "ఇవాల్" అనే కమాండ్ కొట్టండి. పాత 11వ వెర్షన్ అయితే పట్టిక వస్తుంది: బంట్లు, గుర్రాలు, బిషప్‌లు, కదలిక, రాజు రక్షణ, బెదిరింపులు, ముందుకు పోయే బంట్లు, జాగా, ఒక్కోదానికి మిడిల్‌గేమ్‌లో ఎంత, ఎండ్‌గేమ్‌లో ఎంత అని. పాఠం చెప్పడానికి అంతకంటే మంచి చార్ట్ దొరకదు. 14 తరవాతి వెర్షన్లలో బోర్డ్ బొమ్మ వచ్చి, ఒక్కో పావు కింద దాని విలువ కనిపిస్తుంది, ఆ పావును తీసేస్తే అంకె ఎంత మారుతుందో అది. కింద ఇంకో పట్టికలో మెటీరియల్ ఒక వరస, పొజిషనల్ ఒక వరస విడివిడిగా ఉంటాయి. అక్కడ వెతుకు ఏమీ ఉండదు, ఒట్టి చూపు మాత్రమే.

---

సీ3_ఏనుగు (కడప)

ఇప్పుడే చేశాను అన్నా! కోచ్ సార్ చెప్పినట్టు డీ5లో తెల్లగుర్రం, ఎదురుగా నల్లబంట్లు డీ6, ఈ5లో, వాటి వెనక ఈ7లో నల్ల బిషప్ పెట్టి ఇవాల్ కొట్టాను. గుర్రం కింద పడ్డ అంకె బిషప్ అంకె కంటే బాగా ఎక్కువ. గుర్రాన్ని తీసి ఏ3లో పెట్టి మళ్లీ కొడితే అదే గుర్రం విలువ పడిపోయింది. రెండూ గుర్రాలే, పుస్తకంలో రెండూ 3.

---

పాత_పావు (ప్రొద్దుటూరు)

తమ్ముడూ, ఆ స్క్రీన్ ఫోటో ఇక్కడ పెట్టు. అట్లాగే పెట్రోసియన్ ఆటలో ఏనుగును ఈ6లో పెట్టి, తెల్లవాళ్లు దాన్ని కొట్టి, గుర్రం డీ5కు చేరిన పొజిషన్ కూడా పెట్టి ఆ గుర్రం కింద ఎంత వస్తుందో చూడు. నాకు కంప్యూటర్ అంత రాదు.

---

పిల్లల_అమ్మ (ఎమ్మిగనూరు)

కోచ్ సార్, మా బాబుకు ఇంజిన్ ఏ వయసు నుంచి ఇవ్వాలి? ఇప్పుడే ఫోన్ లాక్కోవాలా?

---

బురుజు_కోచ్ (కర్నూలు)

మేడం, గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యేదాకా ఇంజిన్‌తో ప్రాక్టీస్ చేయలేదని అతని కోచ్ విష్ణు ప్రసన్న చెప్పారు. మనం అంత కఠినంగా ఉండలేం, ఫోన్ లాక్కుంటే దొంగచాటుగా చూస్తారు. నేను ఈ వారం నుంచి ఒక పద్ధతి పెడుతున్నాను. ఆట అయిపోయాక ఇద్దరు పిల్లలూ స్కోర్‌షీట్ వెనక, ఎక్కడ లెక్క తప్పిందో, ఎక్కడ ప్లాన్ తోచలేదో వాళ్ల మాటల్లో రాయాలి. ఒక్కో చోట వాళ్ల అంచనా అంకె కూడా రాయాలి. రాశాకే ఇంజిన్. రెండు అంకెలకూ తేడా ఎక్కువ ఉన్న చోట, అనంత_లెక్క గారు చెప్పినట్టు మూడు దారులు తెరిచి చూస్తాం.

బాబును ఆదివారం పొద్దున తీసుకురండి, స్కోర్‌షీట్ పుస్తకం కూడా తెమ్మనండి. ఆ +2 వచ్చిన ఆట నుంచే మొదలుపెడదాం.

---

సీ3_ఏనుగు (కడప)

పాత_పావు సార్, పెట్రోసియన్ ఆట ఎత్తులు ఎక్కించాను. ఇవాల్ పట్టికలో మెటీరియల్ వరస తెల్లవాళ్ల వైపు ఉంది, పొజిషనల్ వరస నల్లవాళ్ల వైపు లాగుతోంది. ఇక్కడ కరెంట్ పోయింది, ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోవస్తోంది. ఫోటో రాత్రికి పెడతాను.